అగ్నిపర్వతం కక్కేది బూడిద కాదు

2025 నవంబరులో ఇథియోపియాలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దాని మేఘం ఎర్రసముద్రం దాటి, అరేబియా మీదుగా ఉత్తర భారతం ఆకాశం దాకా వచ్చింది. కొన్ని విమానాలు రద్దయ్యాయి. ఆ దారిలో ఎగిరివచ్చిన కొన్నింటిని ఆపి తనిఖీ చేశారు. రెండు రోజుల పాటు వార్తల నిండా 'బూడిద మేఘం' అన్న మాటే. పిడికెడు బూడిదకు భయపడి ఇంత పెద్ద విమానాలు ఆపేయడమేమిటని ఎవరైనా నవ్వితే వాళ్లను తప్పుపట్టలేం. బూడిద అంటే మనకు తెలిసింది ఊదితే ఎగిరిపోయేదే కదా. తప్పు ఆ మాటది.

ఆమాటకొస్తే అగ్నిపర్వతాల గురించి మనం వాడే మాటలన్నీ పొయ్యి దగ్గర నుంచి తెచ్చుకున్నవే. పేరులోనే అగ్ని ఉంది. అది నిప్పులు కక్కుతుంది, పొగ వదులుతుంది, బూడిద చల్లుతుంది. కానీ కొండ లోపల కాలేదేమీ లేదు. కిందనున్న శిలాద్రవంలో నీటి ఆవిరీ వాయువులూ కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి బుడగలవుతాయి. చిక్కటి శిలాద్రవంలో ఆ బుడగలు తేలిగ్గా తప్పించుకోలేవు. చివరికి ఆ ద్రవమంతా నురగలా పొంగి ముక్కలు ముక్కలుగా చిట్లుతుంది. చిట్లిన ప్రతి తునకా గాలి తగిలి క్షణంలో గట్టిపడి గాజవుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలా రేణువులు పగిలిన బుడగ గోడల్లా, వంపు తిరిగిన పెంకుల్లా, వాడి అంచులతో కనబడతాయి. వాటితో పాటు కొన్ని స్ఫటికాలు, బిలం గోడల నుంచి ఊడిన పాత రాతి నుగ్గు.

శాస్త్రవేత్తలు దీన్ని కొలిచే పద్ధతి చూస్తే సంగతి తేలిపోతుంది. 2 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే బూడిద. 2 నుంచి 64 మిల్లీమీటర్ల మధ్యదైతే లాపిల్లి. అంతకు మించితే బాంబు, లేదా రాతి దిమ్మ. అంటే ఇక్కడ బూడిద అన్నది పదార్థం పేరు కూడా కాదు, సైజు పేరు. అదే రాయి, అదే గాజు. మెత్తగా నలిగింది కాబట్టి ఆ పేరొచ్చింది. స్టోన్ క్రషర్ దగ్గర లేచే దుమ్మును బూడిద అని ఎవరైనా అంటారా?

మాటల మీద ఇంత గొడవెందుకంటే, కట్టె బూడిదకున్న గుణాలన్నీ దీనికి తలకిందులుగా ఉంటాయి. అది తేలిక, ఇది బరువు. అందులో కొంత నీళ్లలో కరుగుతుంది, ఇది కరగదు. అది మెత్తన, ఇది గాజును గీరుతుంది. నీళ్లు పోస్తే అది కొట్టుకుపోతుంది, ఇది అడుగున కూర్చుని గట్టిపడుతుంది. జనం చేసే పొరపాట్లన్నీ దాదాపుగా ఈ తేడాల దగ్గరే పుడతాయి.

కప్పు మీద మూడు ఏనుగులు

ముందు బరువు సంగతి. 10 సెంటీమీటర్ల మందాన పొడి బూడిద పడితే చదరపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. దాని మీద వాన కురిస్తే 100 నుంచి 200 కిలోలు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న కప్పు తీసుకోండి. తడి బూడిద చదరపు మీటరుకు 150 కిలోలనుకున్నా మొత్తం 12 టన్నులు. మూడు ఏనుగులు ఎక్కి నిలబడ్డట్టు. జానెడు కూడా లేని పొర అది. కింద నిలబడి చూసేవాడికి కప్పు కాస్త బూడిదరంగు తిరిగినట్టు కనిపిస్తుందంతే.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినతుబో బద్దలైంది. దాన్ని గొప్ప విజయగాథగా చెబుతారు, అందులో తప్పులేదు. ఐదు వందల ఏళ్లుగా నిద్రపోయిన కొండ రెండు నెలల ముందు కదిలితే, ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత సంస్థ, అమెరికా భూగర్భ సర్వే కలిసి ప్రమాదాన్ని పసిగట్టి వేలాది మందిని తరలించగలిగాయి. కానీ ఆ రోజే యున్యా తుఫాను అటుగా వచ్చింది. పడుతున్న బూడిద పడుతున్నట్టే వానకు తడిసి ముద్దయింది. ఆ విస్ఫోటనంలో అప్పటికప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది లావాకో వేడిగాలికో బలైనవాళ్లు కారు. కప్పు కూలి పోయినవాళ్లు. కొండకు ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒలొంగపోలోనూ అదే జరిగింది. బయట బూడిద పడుతోంటే జనం ఏం చేస్తారు? లోపలికి వెళ్తారు. కప్పున్న చోటుకే చేరతారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు ఇటలీలోని పాంపే పట్నం మీదికి ఆఖరికి వచ్చిన వేడి ప్రవాహం గురించే అందరూ మాట్లాడతారు. అంతకు ముందు గంటల తరబడి కురిసిన నురగరాళ్ల పొరలో దొరికిన అస్థిపంజరాలు మొత్తంలో మూడో వంతుకు పైనే. వాటిలో ఎక్కువ ఇళ్ల లోపలే దొరికాయి.

మరి కప్పు మీద పడిందాన్ని ఎలా తీయాలి? మొదటి నియమం, ఆగకూడదు. బూడిద పడడం అంతా ఆగాక ఒకేసారి ఊడ్చేద్దామనుకోవడమే పెద్ద పొరపాటు. రెండు మూడు సెంటీమీటర్లు పేరుకోగానే, తడవక ముందే తీయడం మొదలుపెట్టాలి. ఎక్కే ముందు కప్పు నీటి గొట్టాన్ని తొట్టి నుంచి విడదీయాలి. లేకపోతే తాగేనీరంతా పాడవుతుంది. పారతో తీయాలి, చీపురుతో లేపితే సగం మళ్లీ గాల్లోకే పోతుంది. దుమ్ము అణగడానికి పైపైన నీళ్లు చిలకరించాలి, తడపకూడదు. వాలు కప్పయితే ఒక పక్కంతా ఖాళీ చేసి రెండో పక్కకు పోకూడదు. ఇటు కొంత, అటు కొంత తీస్తూ పోవాలి. ఒక పక్కే బరువుంటే దూలాలు మెలిపడతాయి. తీసినదాన్ని అంచు కాలువల్లోకి నెట్టకూడదు, ముందుగా ఊడి పడేవి అవే. నడుముకు తాడు కట్టుకోవాలి, కింద ఇంకో మనిషి ఉండాలి. రేకు మీద సన్నటి రాతిపొడి అంటే కాలి కింద గోళీలు పోసినట్టే. కప్పు అప్పటికే కుంగినట్టు కనిపిస్తే మాత్రం ఎక్కకూడదు. లోపల ఉన్నవాళ్లు బయటికి వచ్చేయాలి. ఇక పార పని అయిపోయినట్టే.

నీళ్లతో కడిగితే

రెండో పొరపాటు గొట్టం పట్టుకోవడం. వాకిలి నిండా బూడిద ఉంటే నీళ్లు కొట్టి కాలువలోకి తోసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది కాలువలో కరగదు. వంపు ఉన్న ప్రతి చోటా అడుగున దిగుతుంది, మీద మీద పేరుకుని బిగుసుకుంటుంది. రోమన్లు పొజ్జువోలి దగ్గరి అగ్నిపర్వత బూడిదనే సున్నంతో కలిపి రేవు గోడలు కట్టారు, నీళ్లలోనే గట్టిపడిన కాంక్రీటు అది. సున్నం లేకపోయినా మురుగు గొట్టం పూడిపోవడానికి ఉత్త బూడిద చాలు.

1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ పేలినప్పుడు సుమారు 135 కిలోమీటర్ల దూరంలోని యాకిమా పట్నం మీద పడింది ఒకటి రెండు సెంటీమీటర్లే. తీసిపోసేసరికి 5 లక్షల టన్నులు దాటింది. పది వారాలు పట్టింది, 22 లక్షల డాలర్లు ఖర్చయింది. కాలువల్లోకి చేరింది కాస్తా మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్లి అక్కడి యంత్రాలను పాడుచేస్తే, మురుగును శుద్ధి చేయకుండానే నదిలోకి వదలాల్సి వచ్చింది. పైగా ఊరంతా ఒకేసారి గొట్టాలు పట్టుకుంటే నీటి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా మంటలు లేస్తే ఆర్పడానికి నీళ్లుండవు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

తడికి ఇంకో గుణం కూడా ఉంది. పొడి బూడిద కరెంటును దాదాపుగా ప్రవహించనివ్వదు. అయితే విస్ఫోటనంలో వచ్చిన గంధక ఆమ్లాలూ లవణాలూ రేణువుల మీద పూతలా అంటుకుని ఉంటాయి. సన్నటి తుంపర పడితే చాలు, అవి కరిగి ఆ పొర కరెంటు దారి అయిపోతుంది. స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్ల పక్కగా మెరుపు కొట్టి లైన్లు పడిపోతాయి. గట్టి వాన పడితే ఇన్సులేటర్ కడుక్కుపోయి బతుకుతుంది, చిరుజల్లే ప్రమాదం. సబ్‌స్టేషన్ నేల మీద పరిచే కంకరలోకి ఇది దిగితే ఆ కంకర పరిచిన ప్రయోజనమే పోతుంది, అక్కడ నడిచే సిబ్బందికి రక్షణ తగ్గుతుంది.

వాహనాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పొడి అద్దం మీద వైపర్ వేస్తే గాజుతో గాజును గీసినట్టే, ఆ గీతలు ఇక పోవు. గాలి ఫిల్టర్ రోజుల్లో నిండిపోతుంది. బాగా దుమ్ముంటే వంద కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆయిల్ మార్చమంటారు. ఇటలీలో ఎత్నా అగ్నిపర్వతం పక్కనున్న కతానియాలో బూడిద పడిన రోజుల్లో ద్విచక్ర వాహనాలను నిషేధించి, కార్లకు గంటకు 30 కిలోమీటర్ల హద్దు పెడతారు. మిల్లీమీటరు మందం చాలు, రోడ్డు మీద గీతలు కనబడవు, చక్రం పట్టు తప్పుతుంది.

ఇంజన్ లోపల ఏం జరుగుతుంది

విమానాల దగ్గరికి వద్దాం. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి 263 మందితో జావా దక్షిణాన సముద్రం మీద 37,000 అడుగుల ఎత్తులో వెళ్తోంది. ముందు అద్దం మీద నీలి మెరుపులు ఆడాయి. క్యాబిన్‌లోకి గంధకం వాసనతో పొగలాంటిది వచ్చింది. ఆ తర్వాత నిమిషాల్లో నాలుగు ఇంజన్లూ ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. రాడార్ తెర మీద ఏమీ లేదు. విమానంలోని వాతావరణ రాడార్ నీటి బిందువులను చూస్తుంది, పొడి రాతిరేణువులు దానికి కనబడవు. గాలుంగుంగ్ అగ్నిపర్వతం మేఘంలోకి వచ్చామని సిబ్బందికి తెలిసే దారే లేదు.

ఇంజన్లు ఎందుకు ఆగాయో, మళ్లీ ఎందుకు రాజుకున్నాయో చూస్తేనే నా వాదన సగం తేలిపోతుంది. గాజు రేణువులు సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడతాయి. ఇంజన్ దహన గదిలో వేడి అంతకన్నా ఎక్కువ. లోపలికి వెళ్లిన పొడి కరిగి, వెనుకనున్న టర్బైన్ ముందరి రెక్కల మీద జిగురులా అంటుకుని గట్టిపడుతుంది. గాలి దారి ఇరుకై ఇంజన్ ఊపిరాడక ఆరిపోతుంది. ఆరిపోయిన ఇంజన్ చల్లబడేసరికి ఆ గాజు పెళుసెక్కి కొంత విరిగి ఊడిపోయింది. 13,000 అడుగుల ప్రాంతంలో ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి. అప్పటికే ముందు అద్దాలు గీరుకుపోయి తెల్లబారాయి. పక్క అంచున మిగిలిన సన్నటి పట్టీ గుండా చూస్తూ జకార్తాలో దించారు. ఇదంతా చేసింది నిజంగా కట్టె బూడిదే అయితే, కరిగి అంటుకోవడానికి అందులో గాజేదీ?

1989 డిసెంబరులో అలాస్కాలో రిడౌట్ అగ్నిపర్వతం మేఘంలో చిక్కుకున్న కేఎల్ఎం విమానానికీ ఇదే జరిగింది. అదీ క్షేమంగానే దిగింది, నష్టం 8 కోట్ల డాలర్ల పైమాటే. ఆ తర్వాతే ప్రపంచాన్ని తొమ్మిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో అగ్నిపర్వత బూడిద హెచ్చరిక కేంద్రం పెట్టారు.

దీనికి ఎదురు ప్రశ్న ఉంది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాత్లాయోకుత్ లేచినప్పుడు ఐరోపా ఆకాశం దాదాపు వారం మూసేశారు. సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి. అంత అవసరమా అని విమాన సంస్థలు గోల పెట్టాయి, వాళ్ల మాటలో పస ఉంది. అంతకు ముందున్న నియమం 'కనిపిస్తే తప్పుకో' అన్నదే. ఎంతుంటే ప్రమాదమో ఎవరూ లెక్క కట్టలేదు. ఆ గొడవ తర్వాతే ఘనపు మీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాములన్న కొలత ఐరోపాలో వచ్చింది. 2 దాటితే ఒక స్థాయి, 4 దాటితే ఇంకో స్థాయి. గుర్తుంచుకోండి, ఈ అంకెల దగ్గరికి మళ్లీ రావాలి.

చంపేది బూడిదేనా?

ఇంతవరకూ చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులెవరైనా ఉంటే ఈపాటికి తల ఊపుతూ ఉంటారు. గాల్లోంచి పడే బూడిద వల్ల చనిపోయేవాళ్లు తక్కువ. అసలు హంతకులు వేడి ప్రవాహాలు, బురద వరదలు. 1902 మే 8న కరీబియన్ దీవి మార్టినీక్‌లో పెలే కొండ దింపిన వేడి మేఘం సెయింట్ పియర్ పట్నాన్ని నిమిషాల్లో తుడిచేసింది, సుమారు 28,000 మంది పోయారు. 1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాడో దెల్ రూయీస్ మీది మంచు కరిగి, బురదై, లోయల గుండా దిగి, రెండు గంటల తర్వాత అర్మేరో పట్నాన్ని ముంచేసింది. మొత్తం 23,000 మంది.

నిజమే. కానీ ఆ వేడి మేఘం ఏమిటి? ఇదే రాతిపొడి, వేడి వాయువులతో కలిసి నేలను పట్టుకుని పరిగెడితే అది. బురద వరద ఏమిటి? ఇదే రాతిపొడి నీళ్లలో కలిసి తడి కాంక్రీటులా దూసుకొస్తే అది. జావా భాషలో దాన్ని లహార్ అంటారు, ప్రపంచమంతా ఆ మాటే తీసుకుంది. సరుకొకటే. పినతుబో దగ్గర బూడిద పడడం ఆగిపోయాక కూడా ప్రతి వానాకాలం ఏళ్ల తరబడి ఆ పొర లహార్లై ఊళ్లను పూడుస్తూనే వచ్చింది. బూడిదను పడి ఊరుకునే చెత్తగా చూసేవాళ్లకు ఈ లంకె అందదు.

అర్మేరోలో ఆ మధ్యాహ్నమే బూడిద రాలింది. కంగారు పడొద్దు, ఇళ్లలోనే ఉండండి అన్నారు. నా వాదనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని మొదట అనిపిస్తుంది. తరచి చూస్తే అంత సాఫీగా కుదరదు. ప్రమాద పటం నెల ముందే తయారైంది, అందులో అర్మేరో ఉంది. తరలింపు ఖర్చు, హెచ్చరిక తప్పయితే వచ్చే నింద, ఎవరు ఆదేశించాలన్న సందేహం, ఇవే ఆ ఊరిని ముంచాయి. అది తప్పు మాట వల్ల జరిగిందంటే చచ్చినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఇక బూడిద పడితే నేల సారవంతమవుతుందన్న మాట. అవుతుంది, అయితే వాన, ఎండ, వేళ్లు కలిసి ఆ గాజును విరగ్గొట్టి మట్టి చేసేదాకా ఆగాలి. అది తరాల లెక్క. అప్పుడే పడినదాంట్లో నత్రజని లేదు, జీవపదార్థం లేదు. తడిసి ఆరితే పెచ్చుకట్టి నీటిని లోపలికి దిగనివ్వదు. పలచటి పొరయితే దున్ని కలిపేయవచ్చు. జానెడు పడితే కింద మట్టికి గాలాడదు. పశువుల సంగతి ఇంకా దారుణం. 1783లో ఐస్‌లాండ్ లాకి పగుళ్లు ఎనిమిది నెలలు కక్కినదాంట్లో ఫ్లోరిన్ గడ్డికి అంటింది. అది మేసిన గొర్రెల్లో నూటికి 80 దాకా చచ్చాయి, ఆ వెనుక వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతు పోయింది. సన్నటి పొడికి ఉపరితలం ఎక్కువ, కాబట్టి విషాన్ని ఎక్కువ మోస్తుంది. కొండకు దూరంగా పలచగా పడిన చోట కూడా మందలు చావడానికి కారణం అదే.

కగోషిమా పసుపు సంచులు

నా వాదనకు గట్టి దెబ్బ జపాన్ నుంచి వస్తుంది. జపాన్ భాషలోనూ అగ్నిపర్వతం 'నిప్పుకొండ'యే, దాని పొడి 'నిప్పుకొండ బూడిద'యే. అయినా సకురాజిమా అగ్నిపర్వతం ఎదురుగా ఉన్న కగోషిమా నగరంలో ఆ మాట ఎవరినీ మోసం చేయలేదు. అక్కడ వాతావరణ సమాచారంలో కొండ మీది గాలి ఏ దిక్కుకు వీస్తోందో చెబుతారు, బట్టలు బయట ఆరేయాలో లేదో దాన్ని బట్టే. సమాధుల మీద కూడా చిన్న కప్పులు కట్టుకున్నారు. నగరపాలక సంస్థ ఇంటింటికీ గట్టి పసుపు సంచులు ఉచితంగా ఇస్తుంది. వాకిట్లో పడినదాన్ని కడగరు. ఊడ్చి, సంచిలో ఎత్తి, మూతి కట్టి, వీధిలో ఆ పని కోసమే కేటాయించిన చోట పెడతారు. మామూలు చెత్తతో కలపరు.

మరి మాట మార్చాలన్న నా పట్టుదల ఏమైనట్టు? 'రాతిపొడి' అందామని మొదట్నుంచీ నా కోరిక. గాజే ఎక్కువ కాబట్టి అదీ పూర్తిగా సరైన మాట కాదు. 'గాజుపొడి' అంటే జనం ఇంకో రకంగా బెదిరిపోతారు, తాకితేనే చేతులు కోసుకుంటాయనుకుంటారు. కగోషిమాను చూశాక నాకు తోచిందేమిటంటే, కొండ పక్కన బతికేవాళ్లకు ఏ పేరైనా ఒకటే, చేతికి బరువు తెలుసు. పేరు వల్ల చిక్కంతా మొదటిసారి పడే చోట. తరాల తరబడి కొండ మాట్లాడని ఊళ్లో, లేదా 2022 జనవరిలో పసిఫిక్ దీవుల దేశం టోంగాలో లాగా. సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి, వాననీటి తొట్లలో బూడిద చేరింది. విమానాశ్రయం రన్‌వే మీది పొరను జనం పారలతో, తోపుడు బండ్లతో ఎత్తి పోసేదాకా, అంటే ఐదు రోజుల పాటు, సాయం తెచ్చే విమానాలు దిగలేకపోయాయి.

అలాంటి చోట్ల హెచ్చరికలో 'బూడిద పడే అవకాశం ఉంది' అని రాసి ఊరుకుంటే ఏమీ రాయనట్టే. జపాన్ వాతావరణ సంస్థ ఆ మాటను మార్చలేదు, పక్కన అంకె పెట్టింది. 0.1 మిల్లీమీటరు లోపు, 0.1 నుంచి 1 దాకా, 1 దాటితే, అని మూడు మెట్లు. ఒక్కో మెట్టుకు ఏం చేయాలో కూడా చెబుతుంది. మిల్లీమీటరు దాటితే బయటికి రావొద్దు, బండి తీయొద్దు. విమానాలకు మిల్లీగ్రాముల లెక్క వచ్చినట్టే ఇది కూడా.

నాకింకా ఒకటి తక్కువనిపిస్తుంది, కిలోలు. మిల్లీమీటర్లు రోడ్డుకు సరిపోతాయి, కప్పుకు సరిపోవు. మూడు సెంటీమీటర్లు అంటే ఎవరికీ చెమట పట్టదు. 'మీ కప్పు మీద రాత్రికి రెండు టన్నులు పడబోతోంది, వాన వస్తే నాలుగు' అని రాస్తే, దాన్ని బూడిదన్నా, రాతిపొడన్నా, ఆ ఇంట్లోవాళ్లు ముందు కప్పు వైపు చూస్తారు.